బోర్డు మీది పెట్టెకు అంచులు ఎన్ని?

ముందుగా ఒక చిన్న ప్రయోగం. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో రెండో తరగతో మూడో తరగతో చదివే పాప ఉంటే పిలవండి. కాగితం మీద ఒక పెట్టె బొమ్మ గీయండి. పాఠ్యపుస్తకాల్లో ఉండే బొమ్మే: ముందు ఒక చతురస్రం, పైన ఒక వాలు పలక, పక్కన మరొక వాలు పలక. "దీనికి అంచులెన్నో లెక్కపెట్టమ్మా" అని అడగండి. ఆ పాప గీత గీతకూ వేలు ఆనిస్తూ లెక్కపెట్టి "తొమ్మిది" అనే అవకాశమే ఎక్కువ. మూలలెన్ని అంటే "ఏడు" అంటుంది. ముఖాలెన్ని అంటే "మూడు" అంటుంది.

మనం చదువుకున్న జవాబులు వేరు. ఘనానికి ముఖాలు 6, అంచులు 12, మూలలు 8. కాబట్టి మూడు జవాబులూ తప్పే! ఎర్రసిరాతో మూడు ఇంటూ గుర్తులు పెట్టేస్తాం. తర్వాత "ఆరు, పన్నెండు, ఎనిమిది" అని పదిసార్లు చెప్పిస్తాం. మర్నాటికి నోటికి వచ్చేస్తుంది.

ఇప్పుడు మీరే ఆ బొమ్మను మరోసారి చూడండి. కాగితం మీద ఉన్న గీతలు నిజంగా తొమ్మిదే. మూలలు ఏడే. పలకలు మూడే. పాప లెక్కలో పొరపాటేమీ లేదు. మనం చూపించినది చదునైన బొమ్మ, అడిగినది ఘనమైన వస్తువు గురించి. ఆ రెండింటి మధ్య తేడా చెప్పకుండా తప్పు మాత్రం ఆమె మీదకు నెట్టాం. ఇందులో అసలు నష్టం ఒక మార్కు పోవడం కాదు. కళ్ళారా చూసి, వేలితో లెక్కపెట్టిన దానికంటే ఎవరో చెప్పిన అంకెనే నమ్మాలని ఆ పాప ఆ రోజు నేర్చుకుంటుంది. గణితంలో గానీ, విజ్ఞానశాస్త్రంలో గానీ ఇంతకంటే చెడ్డ పాఠం మరొకటి లేదు.

మరి ఈ పాఠాన్ని ఎలా చెప్పాలి? దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఒక సబ్బు పెట్టె, కొన్ని బొట్టుబిళ్ళలు, గుప్పెడు బఠాణీలు, నాలుగు చీపురు పుల్లలు చాలు. ఈ పనులను మీ తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో చేయించి చూడండి. చివరికి మీ కాలేజీ గణితానికి కూడా కొంత దొరుకుతుంది.

ఏది ముందు?

సాధారణంగా మనం పిల్లలకు ముందు వృత్తం, త్రిభుజం, చతురస్రం చెబుతాం. గోళం, శంఖువు, స్థూపం, ఘనం తర్వాతి తరగతుల్లో వస్తాయి. గీయడానికి చదునైనవి సులువు గనుక అవే ముందు అనుకుంటాం. కాని పసిపిల్ల పుట్టినప్పటినుంచీ పట్టుకున్నది ఏమిటి? గిలక, బంతి, గ్లాసు, డబ్బా. అన్నీ ఘనాకారాలే! మందం లేని చతురస్రాన్ని ఏ బిడ్డా ఎన్నడూ చేత్తో పట్టుకోలేదు. బొమ్మల దుకాణంలో "చతురస్రం" అని అమ్మే ప్లాస్టిక్ పలక కూడా నిజానికి పలచని దీర్ఘఘనమే. దాని పైముఖం మాత్రమే చతురస్రం.

ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నవాడు జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782-1852). బడి పెట్టకముందు ఆయన బెర్లిన్‌లో స్ఫటికాల మీద పనిచేశాడు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్ళో చిన్నపిల్లల కోసం ఒక కేంద్రాన్ని ప్రారంభించాడు. 1840లో దానికి ఆయన పెట్టిన పేరే ఈనాడు ప్రపంచమంతా వాడుతున్న "కిండర్‌గార్టెన్", అంటే పిల్లల తోట. ఆయన పిల్లలకిచ్చిన ఆటవస్తువుల్లో చెక్కతో చేసిన గోళం, ఘనం, స్థూపం మొదట్లోనే వస్తాయి. తర్వాత పలచని పలకలు, ఆ తర్వాత పుల్లలు, చివరికి గింజలు. అంటే ముందు ఘనం, దాని నుంచి తలం, తలం నుంచి రేఖ, రేఖ నుంచి బిందువు. మన పుస్తకాలు తరచుగా నడిచే దారికి ఇది సరిగ్గా ఎదురు దారి.

"గుండ్రం" అనే చిక్కు

మన భాషలోనే ఒక తమాషా ఉంది. రూపాయి బిళ్ళ ఎలా ఉంది? గుండ్రంగా. గాజు? గుండ్రంగా. గోళీ? గుండ్రంగా. లడ్డూ? అదీ గుండ్రమే! పెద్దవాళ్ళమైన మనమే నాలుగింటికీ ఒకే మాట వాడుతుంటే, వృత్తానికీ గోళానికీ తేడా పిల్లలకు ఎలా తెలుస్తుంది? నిర్వచనం చెబితే తెలియదు. చేతికిస్తే తెలుస్తుంది.

ఒక పీటను కొంచెం వాలుగా పెట్టి గోళీని, రూపాయి బిళ్ళను, అగ్గిపెట్టెను, పౌడరు డబ్బాను ఒక్కొక్కటిగా వదలమనండి. గోళీ ఎటు పెట్టినా దొర్లుతుంది. బిళ్ళను నిలబెడితే దొర్లుతుంది, పడుకోబెడితే జారుతుంది లేదా ఆగిపోతుంది. డబ్బా కూడా అంతే. అగ్గిపెట్టె ఎటు తిప్పినా దొర్లదు. ఇలా పిల్లలే వస్తువులను గుంపులు చేస్తారు. బిళ్ళకు చదునైన ముఖాలున్నాయి, గోళీకి ఒక్కటి కూడా లేదు అనే మాట వాళ్ళ నోటినుంచే వస్తుంది.

ఇప్పుడు ఒక పళ్ళెంలో తడి ముగ్గుపిండి పలచగా పరచండి. డబ్బా అడుగును అందులో అద్ది నల్లకాగితం మీద ముద్ర వేయించండి. వృత్తం పడుతుంది. అగ్గిపెట్టెను మూడు వైపుల నుంచీ అద్దితే మూడు రకాల దీర్ఘచతురస్రాలు పడతాయి. ఘనాకారం వదిలిన అడుగుజాడే చదునైన ఆకారం! వంటింట్లో కూరగాయలు తరిగేటప్పుడు కూడా ఇదే పాఠం చెప్పవచ్చు. క్యారట్‌ను అడ్డంగా కోస్తే దాదాపు వృత్తం, ఏటవాలుగా కోస్తే కోలగా ఉండే దీర్ఘవృత్తం. అయిదు కణుపుల బెండకాయను అడ్డంగా కోస్తే అయిదు మూలలు కనిపిస్తాయి. కత్తి మాత్రం మీ చేతిలోనే ఉండాలి సుమా!

బొట్టుబిళ్ళల లెక్క

ఇక లెక్కపెట్టడం. పెట్టెను చేతిలో తిప్పుతూ ముఖాలు లెక్కపెట్టమంటే పిల్లలు అయిదనో, ఏడనో, ఎనిమిదనో అంటారు. వాళ్ళకు అంకెలు రాక కాదు. పెట్టె తిప్పేసరికి ఏది లెక్కపెట్టారో, ఏది వదిలేశారో గుర్తుండదు. లెక్కపెట్టడంలో ప్రాణం ఇక్కడే ఉంది: ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె, ఏదీ రెండుసార్లు రాకూడదు, ఏదీ మిగిలిపోకూడదు.

దీనికి మంచి ఉపాయం బొట్టుబిళ్ళలు. సబ్బు పెట్టె ఒక్కో ముఖానికి ఒక్కో బిళ్ళ అంటించమనండి. బిళ్ళ లేని ముఖం లేదని పాపే తిప్పి చూసుకుంటుంది. తర్వాత బిళ్ళలన్నీ తీసి నోటుపుస్తకంలో వరుసగా అంటించి లెక్కపెడితే ఆరు. ఇంకో ముఖం నుంచి మొదలుపెట్టి మళ్ళీ చేయించండి. అప్పుడూ ఆరే! ఎక్కడ మొదలుపెట్టినా లెక్క మారదన్న సంగతి పెద్దవాళ్ళకు చెప్పనక్కర్లేదు గాని, అయిదేళ్ళ పాపకు అది పెద్ద ఆవిష్కరణే. మూలలకు చపాతీ పిండి ఉండలు, అంచులకు రంగు పెన్సిలు గీతలు ఇలాగే వాడవచ్చు.

ఇప్పుడు ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఒక ప్రశ్న వేయండి. "ముఖాలు ఆరు. ఒక్కో ముఖానికి నాలుగు అంచులు. ఆరు నాలుగులు ఇరవై నాలుగు. మరి అంచులు పన్నెండే ఎందుకున్నాయి?" వెంటనే జవాబు చెప్పేయకండి. పాత అట్టనుంచి ఒకే కొలత గల ఆరు చతురస్రాలు కత్తిరించి ఇవ్వండి. విడివిడిగా ఉన్నప్పుడు వాటి భుజాలు నిజంగా 24. టేపుతో అతికించి పెట్టె చేస్తున్నకొద్దీ రెండేసి భుజాలు కలిసి ఒక్కో అంచు అవుతూ వస్తాయి. అందుకే 24లో సగం 12. మూలలూ అంతే. ఆరు ముక్కలకు మూలలు 24. పెట్టెలో ఒక్కోచోట మూడేసి మూలలు కలుస్తాయి. 24ను 3తో భాగిస్తే 8. పన్నెండు, ఎనిమిది ఎక్కడినుంచి వచ్చాయో తెలిసిన పిల్ల వాటిని బట్టీ పట్టనక్కర్లేదు. మరచిపోయినా మళ్ళీ తనే రాబట్టుకుంటుంది.

ఆ పెట్టెను విప్పడం కూడా ఒక ఆట. కొన్ని అంచుల వెంబడి మాత్రమే కోసి, ముక్కలు విడిపోకుండా నేలమీద పరవండి. కొందరికి సిలువలా వస్తుంది, కొందరికి మెట్లలా వస్తుంది. ఘనాన్ని ఇలా పరిచే పద్ధతులు మొత్తం 11 ఉన్నాయి. తిప్పితే, బోర్లిస్తే ఒకటే అయ్యేవాటిని ఒకటిగానే లెక్కించాలి. మీ తరగతి మొత్తం కలిసి పదకొండూ పట్టుకోగలరేమో ప్రయత్నించండి.

పుల్లలు, గింజలు

ఫ్రోబెల్ బడిలో పిల్లలు నానబెట్టిన బఠాణీలకు సన్నని పుల్లలు గుచ్చి ఆకారాలు కట్టేవారు. అదే ఆలోచన మన దేశంలో మరో రూపంలో వికసించింది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో ఒక విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం మొదలైంది. పల్లెటూరి బడిలో దొరికే వస్తువులతోనే పిల్లలు ప్రయోగాలు చేసి నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. 2002లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. కాని అక్కడ పుట్టిన ఆలోచనలు దేశమంతటా పాకాయి. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఇంజనీరు అరవింద్ గుప్తా 1978లో అక్కడికి వెళ్ళి, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి త్రిభుజాలు, ఘనాలు, పిరమిడ్లు కట్టే పద్ధతిని రూపొందించారు. ఆ నమూనాలు పుస్తకంగా వచ్చి ఎన్నో భాషల్లోకి వెళ్ళాయి. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

మీరు బఠాణీలతో మొదలుపెట్టండి. ఎండు బఠాణీలను రాత్రి నానబెట్టి ఉదయం నీరు వంచేయండి. కొబ్బరి చీపురు పుల్లలను 6 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించండి. మరీ చిన్నపిల్లలు గింజలను ముక్కులోనో చెవిలోనో దోపుకోకుండా పక్కనే ఉండండి. ఈ పద్ధతిలో గొప్ప సౌకర్యం ఏమిటంటే, పుల్ల అంటే అంచు, గింజ అంటే మూల. రెండూ విడివిడి వస్తువులు. కట్టేముందే లెక్కపెట్టి తీసుకోవచ్చు, విప్పాక మళ్ళీ సరిచూసుకోవచ్చు.

మూడు పుల్లలు, మూడు గింజలతో త్రిభుజం. నాలుగేసి తీసుకుంటే చతురస్రం. చదునైన ఆకారాల్లో పుల్లలెన్నో గింజలూ అన్నే. ఇప్పుడు ఒక్కోదాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నొక్కమనండి. చతురస్రం పక్కకు ఒరిగిపోతుంది, త్రిభుజం కదలదు. (ఈ పరీక్ష గింజలు తడిగా ఉన్నప్పుడే చేయాలి. ఎండితే పుల్లలను గట్టిగా పట్టేస్తాయి.) కరెంటు టవర్లలో, రైలు వంతెనల ఇనుప చట్రాల్లో అన్ని త్రిభుజాలు ఎందుకుంటాయో పాపకు వేళ్ళతోనే తెలిసిపోతుంది. పన్నెండు పుల్లల ఘనం కూడా నిలబడదు, కుంగిపోతుంది. ఆరు ముఖాలకూ ఒక్కో ఏటవాలు పుల్ల, సుమారు 8.5 సెంటీమీటర్లది, బిగిస్తే మొత్తం 18 పుల్లలతో స్థిరంగా నిలుస్తుంది.

తర్వాత ఈ పొడుపుకథ వేయండి: "ఆరు పుల్లలిస్తాను. ఒక్కటీ విరగ్గొట్టకుండా, ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెట్టకుండా, పుల్లంత భుజం ఉన్న నాలుగు త్రిభుజాలు చెయ్యి." పిల్లలు నేలమీద పుల్లలు పేర్చి చాలాసేపు తంటాలు పడతారు. అయిదు పుల్లలతో రెండు త్రిభుజాలు వస్తాయి, ఆరో పుల్ల మిగిలిపోతుంది. నేలమీద దీనికి జవాబు లేదు! ఎవరో ఒకరు పుల్లలను పైకి లేపుతారు. మూడు పుల్లల త్రిభుజం కింద, దాని మూలలనుంచి మూడు పుల్లలు పైకి లేచి ఒకే గింజలో కలుస్తాయి. అదే చతుర్ముఖి. చదునైన లోకంనుంచి ఘనమైన లోకంలోకి పాప తనంతట తాను వేసిన అడుగు అది. దయచేసి జవాబు ముందుగా చెప్పి ఆ ఆనందాన్ని లాగేసుకోకండి.

లెక్కల్లో దాగిన లెక్క

కట్టిన ఆకారాలన్నిటినీ వరుసగా పెట్టి పట్టిక రాయించండి.

చతుర్ముఖి: ముఖాలు 4, మూలలు 4, అంచులు 6.
చతురస్రపు అడుగున్న పిరమిడ్: ముఖాలు 5, మూలలు 5, అంచులు 8.
త్రిభుజపు పట్టకం: ముఖాలు 5, మూలలు 6, అంచులు 9.
ఘనం: ముఖాలు 6, మూలలు 8, అంచులు 12.
అష్టముఖి: ముఖాలు 8, మూలలు 6, అంచులు 12.

ఘనాన్నీ అష్టముఖినీ పోల్చండి. పుల్లలు రెండింటికీ పన్నెండే. ముఖాలు, మూలలు మాత్రం తారుమారయ్యాయి! ఇక ఒక్కో వరుసలో ముఖాలనూ మూలలనూ కలిపి అంచులను తీసివేయండి. 4+4-6, 5+5-8, 5+6-9, 6+8-12, 8+6-12. ప్రతిసారీ 2 వస్తుంది. 1750లో లియోనార్డ్ ఆయిలర్ తన మిత్రుడు గోల్డ్‌బాక్‌కు రాసిన ఉత్తరంలో చెప్పిన సంబంధం ఇదే.

ఎందుకు రెండే? ఒక బత్తాయి, ఒక పెన్ను తీసుకోండి. బత్తాయి మీద ఒక చుక్క పెట్టండి. చుక్కలు 1, గీతలు 0, తొక్కంతా కలిసి ఒకే ప్రాంతం. 1+1-0=2. ఆ చుక్కనుంచి గీత గీసి కొత్త చుక్క దగ్గర ఆపండి. ఒక చుక్క పెరిగింది, ఒక గీత పెరిగింది. మొత్తం మారలేదు. అలా కాక, గీతను తీసుకెళ్ళి ఉన్న చుక్కకే కలిపితే ఒక గీత పెరుగుతుంది, ఒక ప్రాంతం రెండుగా చీలుతుంది. అప్పుడూ మొత్తం మారలేదు. గీతలు ఒకదాన్నొకటి దాటకుండా ఎన్ని గీసినా ఈ రెండు పద్ధతులే ఉన్నాయి. కనుక లెక్క ఎప్పుడూ 2 దగ్గరే ఆగుతుంది. ఘనాన్ని బెలూనులా ఊదితే దాని అంచులు ఈ బత్తాయి మీది గీతల్లాగే ఉంటాయి కదా!

ఇక్కడ కాలేజీ విద్యార్థులకు ఒక చిక్కు ప్రశ్న. స్థూపానికి, అంటే మన డబ్బాకు, ముఖాలు 3, అంచులు 2, మూలలు 0 అంటాం. 3+0-2=1. రెండు రాలేదే! సూత్రం తప్పిందా? లేదు. డబ్బా మీది రెండు వృత్తాలూ దేనికది విడిగా ఉన్నాయి. బత్తాయి మీద మనం గీసిన గీతలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి. రేకు డబ్బాకు పైనుంచి కిందికి ఒక అతుకు ఉంటుంది, చూడండి. దాన్నీ ఒక అంచుగా లెక్కవేస్తే అంచులు 3, ఆ అతుకు రెండు కొసల దగ్గర మూలలు 2, ముఖాలు 3. 3+2-3=2. సరిపోయింది!

పేరుకంటే ముందు గుణం

ఒక అట్ట చతురస్రాన్ని మూలమీద నిలబెట్టి ఇదేమిటని అడిగితే చాలామంది పిల్లలు "డైమండ్" అంటారు, పేకముక్క మీది గుర్తును చూసి. నెదర్లాండ్స్‌కు చెందిన పియర్ వాన్ హీలే, దీనా దంపతులు 1957లో తమ పరిశోధన గ్రంథాల్లో దీనికి మంచి వివరణ ఇచ్చారు. మొదటి మెట్టులో పిల్లలు ఆకారాన్ని మొత్తంగా, మనిషి ముఖాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు. తర్వాతి మెట్టులో దాని గుణాలను చూస్తారు: భుజాలెన్ని, సమానమా, మూలలెలా ఉన్నాయి? ఈ మెట్టు వయసుతో దానంతటదే రాదు, తగిన అనుభవంతో వస్తుంది అని వారు చెప్పారు. కాబట్టి "తప్పు, అది చతురస్రం" అనకండి. "తిప్పితే పుల్లలేమైనా పెరిగాయా? మూలలు మారాయా?" అని అడగండి. లెక్కపెట్టడమే ఆ మెట్టు ఎక్కించే చెయ్యి.

ఇప్పుడు మన మొదటి పాప దగ్గరకు వెళదాం. బోర్డు మీది బొమ్మలో ఆమె చూసినవి 3 ముఖాలు, 7 మూలలు, 9 అంచులు. 3+7-9=1. మరి కనిపించకుండా వెనక దాగినవి? 3 ముఖాలు, 1 మూల, 3 అంచులు. 3+1-3=1. కనిపించే సగంలో ఒకటి, కనిపించని సగంలో ఒకటి. రెండూ కలిస్తే ఆయిలర్ చెప్పిన 2!

చూశారా? ఆమె "తొమ్మిది" తప్పు కాదు, సగం దారి మాత్రమే. మిగిలిన సగం చూడాలంటే పెట్టె ఆమె చేతికి రావాలి. ఈ రాత్రికే గుప్పెడు బఠాణీలు నానబెట్టండి.